దేముడమ్మ సొంత జీవితం: ధ్రువీకృత ప్రతి

మనిషి తన బతుకు తాను బతకడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ బతుకు తనదేనని చెప్పుకోవడానికి మాత్రం మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. నాగరికత ఇంతకాలం ఈ రెండో సగాన్ని నిర్లక్ష్యం చేసింది. ఎవరికి తోచినట్టు వారు తమ జీవితాలను రాసేసుకోవడం, చదివినవారు నమ్మేయడం, పక్కింటివారు నొచ్చుకోవడం జరుగుతూ వచ్చింది. ఈ అరాచకానికి ముగింపు పలకడానికే ఆత్మకథల ధ్రువీకరణ శాఖ ఆవిర్భవించింది. ధ్రువీకరణ పొందిన ప్రతి ఆత్మకథనూ శాఖ తన ఖర్చుతో అచ్చువేయించి గ్రంథాలయంలో అద్దాల బీరువాలో భద్రపరుస్తుంది. (బీరువా తాళం ఎవరి దగ్గర ఉండాలన్న ఫైలు నడుస్తోంది.)

శృంగవరపుకోట కొండల కింది పల్లెలో గోగు, నువ్వులు, కాస్త వరి పండించుకునే దేముడమ్మకు ఈ శాఖ ఉన్న సంగతి వయోజన విద్యా కేంద్రంలో తెలిసింది. ఆమె అరవై ఒకటో ఏట అక్షరాలు దిద్ది, అరవై నాలుగో ఏటికి రెండు వందల పేజీల రూళ్ళ నోటుబుక్కు నింపింది. అందులో పుట్టుక ఉంది, పెళ్ళి ఉంది, పిల్లలున్నారు, నలభై గోగుపంటలున్నాయి. అయితే ఆమె కలం పట్టింది వీటి కోసం కాదు, నూట పదో పేజీ దగ్గర మొదలయ్యే ఒక్క అధ్యాయం కోసం. ఇరవై మూడో ఏట, ఒక వేసవిలో, ఎవరికీ చెప్పకుండా ఆమె మూడు రోజులు ఇంట్లోంచి వెళ్ళిపోయింది. సముద్రం చూడటానికి.

సముద్రం విశాఖపట్నంలోనూ ఉంది, పైగా దగ్గర. కానీ అక్కడ మావగారి చుట్టాలు కూడా ఉన్నారు. కనుక సంతలో ఎండుచేపలమ్మే మనిషి నోట విన్న భావనపాడుకు, చుట్టమన్నవాడు లేని ఆ ఒడ్డుకు, బస్సులు మారుతూ వెళ్ళింది. తిరిగొచ్చేసరికి భర్త చినబాబు ఊరందరికీ ఆమె జ్వరంతో పుట్టింటికి వెళ్ళిందని చెప్పేసి ఉన్నాడు. నలభై ఒక్కేళ్ళుగా ఆ ఊళ్ళో ఆ మూడు రోజుల పేరు జ్వరం. దాన్ని సముద్రంగా సరిదిద్ది బీరువాలో పెట్టించాలన్నది దేముడమ్మ కోరిక.

మండల ఆత్మకథా పరిశీలనాధికారి ఉపేంద్ర సాహిత్యంలో పట్టభద్రుడు, నిబంధనల్లో పండితుడు. నోటుబుక్కు అందుకోగానే ఆయన ఆత్మకథ అంటే ఏమిటో ఆమెకు విశదపరిచాడు. రాసినవారు, చెబుతున్నవారు, ఆ బతుకు బతికినవారు, ఈ ముగ్గురూ ఒకే మనిషి అయితేనే అది ఆత్మకథ. కాకపోతే జీవిత చరిత్ర. దానికి కిటికీ వేరు. ముగ్గురూ ఒకరేనని తేల్చడానికి వేలిముద్రల యంత్రం ఉంది. దేముడమ్మ బొటనవేలు పెట్టింది. యంత్రం ఒప్పుకోలేదు. వరసగా పది వేళ్ళూ పెట్టింది. మోకాలి లోతు చెరువులో నిలబడి, నానిన గోగుకట్టల నుంచి నలభై ఏళ్ళు నార ఒలిచిన చేతులకు గీతలు మిగలవు. ఆ బతుకు బతికినందువల్లనే ఆమె ఆ బతుకు బతికిన మనిషి కాకుండా పోయింది. (ఏ పనీ ఎరగని వేళ్ళను ఈ యంత్రం మొదటిసారికే గుర్తుపడుతుంది.) చివరకు దేముడమ్మా, దేముడమ్మా ఒకే వ్యక్తి అని గ్రామ రెవెన్యూ అధికారి చేత పత్రం రాయించుకొచ్చాక, ఇరవై రోజులకు, నోటుబుక్కు తెరుచుకుంది.

మొదటి అధ్యాయం అక్కడికక్కడే పోయింది. తన పుట్టుకను రచయిత్రి కళ్ళారా చూసి గుర్తుంచుకున్నట్టు దాఖలా లేదు. వినికిడి మాటలు ఆత్మకథలో చెల్లవు. తర్వాత ఉపేంద్ర తొమ్మిదో నిబంధన చదివి వినిపించాడు. సంఘటనలో కనిపించే ప్రతి వ్యక్తీ తనకు అభ్యంతరం లేదని ఓటీపీ ద్వారా తెలియజేయాలి. ఒక్కరు కాదన్నా ఆ సంఘటన జరగలేదు.

ఆ రోజు నుంచి సంఘటనలు జరగకుండా పోవడం మొదలైంది. పెళ్ళిపందిట్లో తాళిబొట్టు చేతపట్టుకుని పెళ్ళికొడుకు కునుకు తీసిన వైనం చినబాబు అభ్యంతరంతో పోయింది. దానితోపాటు పెళ్ళి కూడా పోయింది, ఎందుకంటే కునుకును పెళ్ళి నుంచి విడదీసే సదుపాయం సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఆడపడుచు దుర్గాభవాని తాను మాడబెట్టిన చేపల పులుసును వదిన ఖాతాలో వేసిన ఉదంతాన్ని రెండుసార్లు చదివించుకుని, ఆ ఏడాదంతా తమ ఇంట్లో పులుసే వండలేదని ప్రమాణపత్రం దాఖలు చేసింది. “నీ కతలోన పులుసు మాడితే మాడనీ వదినా, నా పేరు మాడకూడదు” అని విడిగా చెప్పి వెళ్ళింది. కొడుకు గోపి పదో తరగతి మూడో యత్నంలో గట్టెక్కాడన్న వాక్యాన్ని, అతను ప్రస్తుతం ట్యూషన్ సెంటరు నడుపుతున్నందున, ప్రజాప్రయోజనాల దృష్ట్యా కొట్టివేశారు. అత్తగారు కాలం చేసింది కనుక ఆవిడ తరఫున వారసులందరూ సమ్మతించాలి. వారసులు పదకొండు మంది, అందులో ఇద్దరికి మాటల్లేవు. ఆ విధంగా అత్తగారితో గడిపిన ఇరవై ఆరేళ్ళు ఒకే మీటతో సెలవు తీసుకున్నాయి. పంటలైనా మిగులుతాయనుకుంటే, ఊరి చెరువులో గోగు నానబెట్టడం పంచాయతీ తీర్మానం ప్రకారం నిషిద్ధమట. చెరువు పక్షాన పంచాయతీ అభ్యంతరం తెలిపింది.

దేముడమ్మ వీటికేమీ చలించలేదు. ప్రతి వాయిదాకూ వచ్చి, నూట పదో పేజీ ఉందా అని అడిగి, ఉందంటే టీ తాగి వెళ్ళిపోయేది.

ఆ పేజీ వంతు వచ్చిన రోజు చినబాబు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హాజరయ్యాడు. ఓటీపీ చెప్పనన్నాడు. అభ్యంతరం నోటితోనే వినిపించాడు.

“నాను ఊరందరికీ జొరమని సెప్పీసినాను బాబూ. నలభై ఏళ్ళుగా ఆ జొరాన్ని కాసుకొస్తన్నాను. మందెవలిచ్చినారంటే డాక్టరు పేరు కూడా సెప్పినాను. ఇపుడిది సముద్రం అనీసి రాస్తే నా మాటేటైపోవాల?”

“నీ జొరం నువ్వు రాసుకో మావా” అంది దేముడమ్మ. “నీకూ కాయితాలిస్తారు. నా సముద్రం నన్ను రాసుకోనీ.”

ఉపేంద్ర ఇంతవరకు ఎవరికీ అవసరం పడని పద్నాలుగో నిబంధన తీశాడు. సంఘటన జరిగిన చోట హాజరై ఉన్నవారికే దానిపై అభ్యంతరం తెలిపే హక్కు ఉంటుంది. “ఆ మూడు రోజులూ మీరు భావనపాడులో ఉన్నారా?” అని అడిగాడు.

చినబాబు ఫ్యాను వైపు చూస్తూ ఆలోచించాడు. ఉన్నానంటే జ్వరం అబద్ధమవుతుంది. లేనంటే హక్కు పోతుంది. అబద్ధమాడటంలో నలభై ఒక్కేళ్ళ అనుభవం ఉన్నా, ఎందుకోగానీ ఆ పూట అది అక్కరకు రాలేదు.

“లేను బాబూ” అన్నాడు.

అభ్యంతరం వీగిపోయింది. అక్కడ ఇంకెవరున్నారని ఉపేంద్ర విచారించాడు. వలలు బాగుచేసుకునే ఒకామె అన్నం పెట్టి, అరుగు మీద పడుకోనిచ్చిందని, తాను పేరడగలేదని, ఆమె కూడా అడగలేదని దేముడమ్మ చెప్పింది. పేరు లేని పాత్రకు ఓటీపీ పంపలేరు కనుక ఆమెకు అభ్యంతరం లేనట్టే. సముద్రం విషయంలో ఉపేంద్ర కొద్దిగా తటపటాయించి, అది వేరే శాఖ అని నిర్ణయించాడు.

బయట వరండాలో చెప్పులేసుకుంటూ చినబాబు ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగాడు.

“ఏటున్నాదే అక్కడ?”

“నీళ్ళు” అంది దేముడమ్మ. “సానా నీళ్ళు. అన్ని నీళ్ళున్నా, తోడమని నన్నెవలూ అనలేదు.”

చినబాబు బస్టాండుకు చేరాక, భావనపాడు వెళ్ళాలంటే ఇప్పుడు ఎక్కడెక్కడ బస్సు మారాలో ఒక కండక్టరును వాకబు చేశాడు.

రెండు నెలలకు పుస్తకం వచ్చింది. అట్ట మీద దేముడమ్మ పేరు పొడి అక్షరాలతో సహా అచ్చయింది. లోపల పదకొండు పేజీలు. బస్సులు, ఒడ్డు, అరుగు, అన్నం, నీళ్ళు, ఒక్క అక్షరమైనా పోలేదు. దానికి ముందు ఏమీ లేదు, తర్వాత ఏమీ లేదు. చివరి పేజీలో గుండ్రటి ముద్ర కింద ఇలా ఉంది: “అరవై నాలుగేళ్ళ వయసు గల సదరు రచయిత్రి సొంత జీవితం మొత్తం మూడు రోజులని ధ్రువీకరించడమైనది.”

దేముడమ్మ దాన్ని కూడబలుక్కుని చదువుకుని, తన సముద్రం తనకు దక్కినందుకు సంతోషించి, మిగిలిన బతుకు ఎవరిదని ఉపేంద్రను అడిగింది. అది ఇంకా తేలలేదని, తేలగానే సంబంధితులకు తెలియపరుస్తామని ఆయన బదులిచ్చాడు. పిమ్మట కుర్చీలోంచి లేచి మరీ అభినందించి, ఆమె పేరు ప్రత్యేక బహుమతికి సిఫార్సు చేశాడు. మండలంలో ఇంతవరకు ధ్రువీకరణ పొందిన స్త్రీల ఆత్మకథలలో రెండో స్థానంలో ఉన్నదాని నిడివి నలభై నిమిషాలు; అందులోనూ ఒక పావుగంట మీద అత్తగారి అప్పీలు నడుస్తోంది.