ఖాళీ డబ్బాల వైభవం

పాఠకులారా, వంటింట్లో డబ్బాలు ఖాళీగా ఉన్నాయంటే ఆ ఇల్లు బాగుపడిందని అర్థం! నిండు డబ్బాలు చూసుకుని మురిసిపోయే అమాయకులంటే నాకు జాలి.

రిటైరైన కొత్తలో నేనూ అలాంటివాణ్నే. అంతలో పెద్ద కంపెనీలో సప్లై చెయిన్ మేనేజరైన మా అల్లుడు, మా అమ్మాయితో సహా మా ఇంటికి మకాం మార్చాడు. వచ్చిన రోజే స్టోర్ గది తలుపు తీసి, బియ్యం డబ్బా ముందు సంతాపసభలోలా తల వంచాడు.

"అత్తయ్యా, వాడకుండా మూల పడి ఉండి చోటు తినేదాన్ని డెడ్ స్టాక్ అంటారు. అవసరమైన వేళకి సరుకు రావాలి గానీ, సరుకే అవసరం కోసం కాచుక్కూర్చోకూడదు" అన్నాడు.

ఎంత గొప్ప మాట! ఆనాటి నుంచి మా ఇంట్లో ఏదీ నిల్వ ఉండదు. సబ్బు అరిగి అరిగి వేలికి అంటుకున్నాకే కొత్త సబ్బుకి ఆర్డరు. అదైనా ముగ్గురు వ్యాపారుల దగ్గర కొటేషన్లు తీసుకున్నాకే. అవి వచ్చేదాకా స్నానం వాయిదా. దేహం మీద మమకారం తగ్గించుకోవడానికి ఇంతకంటే మంచి మార్గముందా?

మరి అత్యవసరమైతే? గిన్నె పట్టుకుని పక్కింటావిడ దగ్గరికి వెళ్లడమే. అల్లుడి భాషలో ఆవిడ మా స్ట్రాటెజిక్ సప్లయర్. ఉప్పు నుంచి టీపొడి దాకా ఆవిడ దగ్గర లేనిది లేదు. పాతకాలపు మనిషి, పాపం, ఇంకా నిల్వ పెట్టుకుంటోంది.

మొన్న పంచదారకి వెళితే ఆవిడ గిన్నెతో ఎదురొచ్చింది. "మీ అల్లుడు మా అబ్బాయికి కూడా చెప్పాడటగా అన్నయ్యగారూ. పంచదార కోసం నేనే మీ ఇంటికి బయల్దేరా" అంది. ఇద్దరం గుమ్మంలో నిలబడి ఒకరి గిన్నెలోకి ఒకరం చూసుకున్నాం. సంస్కరణంటే ఇలా పాకాలి!

మా ఆవిడకి మాత్రం ఇంకా జ్ఞానోదయం కాలేదు. బియ్యం బస్తా ఒకటి మా మంచం కింద దాచింది. ఆ ద్రోహం అల్లుడి చెవిన వేద్దామనే అనుకున్నాను.

ఇంతలో నిన్న అల్లుడు టేపుతో హాల్లోకొచ్చి, నా పడక్కుర్చీ పొడవూ వెడల్పూ కొలిచాడు. నేను అందులోనే ఉన్నాను.

"మీరు లేవక్కర్లేదు మామయ్యా. ఈ మూల ఎంత చోటు పోతోందో చూస్తున్నా, అంతే" అన్నాడు ఎంతో మర్యాదగా.

మూల పడి ఉండేది, చోటు తినేది. ఆ పాఠం నాకు కంఠతా వచ్చు. అప్పటి నుంచి హాల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ఈ కాలమ్ కూడా నిలబడే రాస్తున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏ ఆఫీసరుకీ ఇంతగా భయపడలేదు.

మా ఆవిడ చూసి చూసి జాలిపడింది.

"బస్తాని కాస్త గోడవైపు జరుపుతాలెండి. మంచం కింద మీకూ చోటు సరిపోతుంది" అంది.