గుంజ పరిగెత్తాల్సిన దారి

ఆ ఉదయం టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. షాపు తలుపు సగమే తెరవాలి, రేడియో పెట్టకూడదు, ఎవరొచ్చినా ఫుట్‌బాల్ ఊసెత్తకూడదు, ఎండెక్కకముందే కోటు గుడ్డ కత్తిరించేయాలి. నిజానికి ఈ పథకం ఆయనది కాదు, ఆయన భార్యది. అందుకే అది అంత సబబుగా ఉంది.

ఆ గుడ్డ కూడా అలాంటిది మరి. కాబోయే వియ్యంకుడి తండ్రి ఎప్పుడో ముచ్చటపడి కొనుక్కుని, కుట్టించుకోకుండానే పోయాడట. దాన్ని ఇన్నాళ్లూ బీరువాలో చంటిపిల్లలా దాచి, కొడుకు పెళ్లికి కోటు కుట్టించుకోవాలని వియ్యంకుడు స్వయంగా తెచ్చిచ్చారు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. నవ్వగా చూసినవాళ్లెవరూ లేరు. గుడ్డ ఇస్తూ ఇస్తూ టైలరు మెడలోని టేపు అడిగి తీసుకుని, జేబులోంచి తన స్కేలు తీసి పక్కన పెట్టి చూసుకుని, "పర్లేదు" అన్నారు. ఆ ఒక్క మాటకే టైలరుకి ముచ్చెమటలు పోశాయి. పిల్ల ఇష్టపడి ఒప్పుకున్న సంబంధమిది. ఆ అబ్బాయి మాటెత్తితే చాలు, ఎప్పుడూ పుస్తకంలోంచి తలెత్తని పిల్ల వంటింట్లో కూనిరాగాలు తీస్తోంది. ఆ రాగం ఆగిపోతే తాను బతకలేనని టైలరుకి తెలుసు.

బల్ల మీద గుడ్డ పరిచాడు. సుద్దతో కొలతలు గీశాడు. కత్తెర అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే సగం తెరిచిన తలుపులోంచి రిటైరైన డ్రిల్లు మాస్టారు, పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని మరీ ప్రవేశించాడు. వెనకాలే పక్క మందుల షాపాయన.

"చూశారా నిన్న?" అన్నాడు మాస్టారు.

"నేను మాట్లాడను" అన్నాడు టైలరు.

"మాట్లాడొద్దు. వినండి చాలు."

సంగతేమిటంటే, వాళ్ల క్లబ్బు ఈ ఏడాది మూటలకు మూటలు గుమ్మరించి ముగ్గురు మొనగాళ్లను కొనుక్కొచ్చింది. వారిలో గోలు కాసేవాడికి వీళ్లు పెట్టిన పేరు జల్లెడ. ఎప్పుడూ కాలికో చేతికో కట్టుతో బయట కూర్చునేవాడు సెలవుబాబు. అందరికంటే ఎక్కువ పోసి కొన్నవాడు, గోళ్లు గిల్లుకుంటూ నిలబడేవాడు గుంజ. ఈ ముగ్గురూ ఆస్తి తగలేస్తున్న కొడుకులైనట్టు మిత్రులు ముగ్గురూ రోజూ పొద్దున్నే ఈ బల్ల చుట్టూ చేరి కుమిలిపోతారు. వాళ్లలో ఒక్కరైనా క్లబ్బుకి కాణీ ఇచ్చినవాళ్లు కారు, టికెట్ కొని ఆట చూసినవాళ్లూ కారు.

"పందిరి గుంజైనా గాలొస్తే కాస్త ఊగుతుందండీ. వీడు అదీ లేదు" అన్నాడు మందుల షాపాయన.

"పాపం వాడేం చేస్తాడు? నిలబడితేనే అంత ఇస్తుంటే పరిగెత్తడం దేనికి అనుకున్నాడు" అన్నాడు మాస్టారు.

టైలరు పళ్లు బిగించాడు. కానీ ఎంతసేపని? "అది కాదు మాస్టారూ, నిన్న ఆ బంతి వచ్చినప్పుడు వాడు అసలు ఎటు పరిగెత్తాలి?" అని నోరు జారాడు.

బల్ల చివర ఒక పాత అస్తరు గుడ్డ ఎప్పుడూ ఉంటుంది. మాస్టారు ఆటను బొమ్మ గీసి చెప్పేది దాని మీదే. అది మాసి కంపు కొడుతోందని టైలరు భార్య ఆ పొద్దునే తీసుకెళ్లి బకెట్లో నానబెట్టింది. మాస్టారి చెయ్యి మాత్రం అలవాటు ప్రకారం సుద్దముక్క తీసుకుని, అలవాటైన చోటే గీత మొదలుపెట్టింది. "ఇదిగో, ఈ సున్నా గుంజ. ఈ ఇంటూలు వాళ్ల మనుషులు. ఇక్కణ్ణుంచి ఇలా వొంపు తిరిగి, ఇద్దరి మధ్యలోంచి దూరి, గోలు దగ్గరికి రావాలి."

"అక్కడ ఇంకొకడు కాచుకుని ఉంటాడుగా!" అన్నాడు టైలరు, మాస్టారి మొహంలోకి చూస్తూ.

టైలరు చేతికి ఒక గుణం ఉంది. సుద్దగీత తగిలితే కత్తెర దాని వెంట పోతుంది. ఆయన కళ్లు ఎక్కడున్నా, నోరు ఎవరిని తిడుతున్నా దానికి పట్టదు. అదే ఆయన పనితనం. ఇన్నేళ్లలో ఒక్క నూలుపోగు కూడా గీత దాటలేదు. ఇప్పుడూ దాటలేదు. వొంపు తిరిగి, ఇద్దరి మధ్యలోంచి దూరి, నిన్న గుంజ చేరుకోలేకపోయిన గోలు దాకా కత్తెర చక్కగా చేరుకుంది.

లోపల గదిలో కాజాలు కుడుతున్న భార్య తలెత్తింది. "ఏమిటి, ఎవరూ అరవడం లేదేం?" అంటూ వచ్చింది. బల్ల మీద గుడ్డను చూసింది. సూది జాకెట్టుకి గుచ్చుకుని, "ఎవరు గీశారు?" అంది మెల్లగా. ముగ్గురూ గుంజలైపోయారు.

గోడకి కొట్టిన బంతి తిరిగి రాకుండా ఉంటుందా? వీధి మలుపులో గొడుగు కనబడింది. దాని కింద వియ్యంకుడు ఉన్నారు. సాయంత్రం వస్తానన్న మనిషి! "నేను ఆపుతా" అంటూ మందుల షాపాయన బయటికి ఉరికాడు. టైలరు గుడ్డను దాచబోతే సుద్దతో సహా మడతపడి చిన్న మూట అయింది కానీ దాన్ని పెట్టడానికి చోటు దొరకలేదు. అరలన్నీ జనం బట్టలే.

"పరిచి, దాని మీద పడుకోండి" అంది భార్య.

"బల్ల మీదా?"

"లేకపోతే నా నెత్తిమీదా?"

వియ్యంకుడు లోపలికి వచ్చేసరికి టైలరు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కింద గుడ్డ, పైన దుప్పటి. డ్రిల్లు మాస్టారు ఆయన కాళ్లు పడుతున్నాడు. తోచక.

"కడుపునొప్పి అన్నారే మందుల షాపాయన, ఇప్పుడెలా ఉంది బావగారూ?" అన్నారు వియ్యంకుడు.

"నడుమండీ, పట్టేసింది" అన్నాడు మాస్టారు అదే క్షణంలో.

వియ్యంకుడు ఒకసారి వీధిలోకి, ఒకసారి మాస్టారి వైపు చూశారు. "కడుపులో మొదలై నడుముకి దిగిందన్నయ్యగారూ" అంది టైలరు భార్య. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఆవిడ కుట్టుపనిలో పెరిగిన మనిషి, ఎలాగో అతికించింది. కానీ వియ్యంకుడు అతుకు కనిపెట్టే ఉద్యోగంలో ఉన్నారు. స్టూలు లాక్కుని కూర్చుని, గొడుగు ఒళ్లో పెట్టుకున్నారు.

"ఇది తరచూ వస్తుందా?"

"అప్పుడప్పుడూ" అన్నాడు మాస్టారు.

"వీరి నాన్నగారికి కూడా ఉండేదా?"

"ఉండే ఉంటుందండీ, వంశంలో ఉన్నదేగా" అన్నాడు మాస్టారు. మాట పడిపోకుండా అందుకోవడమే మర్యాద అని ఆయన నమ్మకం.

వియ్యంకుడు కొంచెం ముందుకి వంగారు. గొంతు పెంచలేదు. "చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. అమ్మాయికి కూడా..."

టైలరు దిగ్గున లేచి కూర్చున్నాడు. "మా అమ్మాయి గుండ్రాయిలా ఉంది బావగారూ! దానికి జలుబు కూడా చెయ్యదు! నాకు కడుపూ లేదు, నడుమూ లేదు. ఏం లేదు!" అన్నాడు. దుప్పటి జారింది. కింద గుడ్డ బయటపడింది. దాని మీద సున్నాలు, ఇంటూలు, రెండు ముక్కల మధ్య నదిలా ఒక వొంపు.

వియ్యంకుడు కళ్లజోడు సర్దుకుని గుడ్డ మీదకి వంగారు. ఎంతకీ తలెత్తలేదు. తర్వాత వేలుతో ఒక చోట తాకారు.

"ఈ సున్నా ఎవరు?"

మాస్టారే చెప్పాడు. "గుంజండీ. నిన్న ఇటు రావాల్సింది."

"గుంజా!" అన్నారు వియ్యంకుడు. "మా ఇంట్లో ఆయన్ని ఆ మాట అనం."

అప్పుడు అందరికీ అర్థమైంది, కోటు పోవడం కష్టాల్లో పెద్దది కాదని. "ఆయనంటే మా అబ్బాయికి ప్రాణం. గదిలో మూడు గోడలకీ ఆయన బొమ్మే" అన్నారు వియ్యంకుడు నెమ్మదిగా. "బావగారూ, అడుగుతున్నా, దాచకుండా చెప్పండి. ఆయన ఆట మీద మీ అభిప్రాయం ఏమిటి?"

టైలరు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కళ్లు తిప్పుకున్నాడు. అప్పుడే తిరిగొచ్చిన మందుల షాపాయన గడపలోనే ఆగిపోయాడు. ఏడాదిగా ఈ బల్ల దగ్గర అన్న మాటలన్నీ టైలరు నాలుక చివర వరసలో నిలబడ్డాయి. వాటి వెనక వంటింట్లో కూనిరాగం వినిపించింది. టైలరు కళ్లు మూసుకున్నాడు. మనసులో నిజంగానే ఏదో తెగింది.

"మంచి... మంచి ఆటగాడండీ. మనకే అర్థం చేసుకునే తెలివి లేదు" అన్నాడు.

వియ్యంకుడి మొహం మాత్రం వెలగలేదు. ఇంకా వాడిపోయింది. ఆయన గొడుగు పట్టుకుని లేచారు. "మీరూ అంతేనా?" అన్నారు దిగులుగా.

"అంటే?"

"ఏం చెప్పమంటారు? ఇంట్లో అన్నం సయించాలంటే రోజూ వాణ్ణి పొగడాలి. అబ్బాయి ఎదురుగా ఒక్క మాట అనడానికి లేదు. పొగిడి పొగిడి నోరు చేదెక్కిపోయింది. ఈ సంబంధం కుదిరాక, మీ షాపులో పొద్దున్నే కబుర్లు సాగుతాయని విని, పోనీలే, తిట్టుకోవడానికి ఒక చోటు దొరికిందని సంబరపడి పెందలాడే వచ్చా. తీరా మీరు కూడా..."

"కూర్చోండి బావగారూ!" అన్నాడు టైలరు బల్ల మీంచి దూకి. ఆయన గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "వాడొక దండగమారి వెధవ! పందిరి గుంజ నయం!"

"గాలొస్తే ఊగుతుంది కదూ!" అన్నారు వియ్యంకుడు.

మాస్టారు కుర్చీ ఇచ్చాడు. మందుల షాపాయన టీ పట్టుకొచ్చాడు. వియ్యంకుడు నవ్వుతారని ఆ రోజే ఊరికి తెలిసింది. జల్లెడ దగ్గర మొదలుపెట్టి, సెలవుబాబు మీదుగా, కొన్నవాళ్ల దాకా ఆయన ఒక్కొక్కరినీ తూచి తూచి తిట్టారు. తూకంలో ఒక్క గ్రాము తేడా రానివ్వలేదు. అల్లుడి దగ్గర మాత్రం అందరూ గుంజను దేవుడనాలని ఒప్పందం కుదిరింది. దానికి ఆడపెళ్లివారి తరఫున టైలరు భార్య హామీ ఇచ్చింది.

వెళ్లబోతూ ఆయన గుడ్డను మళ్లీ చూశారు. "నాన్న కూడా తొడుక్కోలేదు పాపం" అని ఒక్క నిట్టూర్పు విడిచి, "దీంతో ఏమొస్తే అది కుట్టండి" అన్నారు.

చేతుల్లేని కురచ కోటు ఒకటి వచ్చింది. పెళ్లిలో ఆయన దాన్నే తొడుక్కుని నిలబడ్డారు. చేతులేమయ్యాయని అడిగినవాళ్లందరికీ, "ఆటలో దెబ్బ తగిలింది" అని చెప్పారు.