తెర వెనక నుంచి అందించిన నేరాంగీకారం

ఒక రౌడీ అంచెలంచెలుగా నగరాధిపతి అయ్యే వైనాన్ని ఎండగట్టే నాటకంలో, ఆ రౌడీ వేషం కట్టడానికి నగరంలోని అసలు రౌడీగారే దయతో అంగీకరించారని ప్రజలకు సంతోషపూర్వకంగా తెలియజేయడమైనది. ఇదివరకు ఆ వేషం కట్టిన నటుడు రెండు కాళ్లూ విరిగి, స్వచ్ఛందంగా విశ్రాంతి తీసుకుంటున్నాడు.

ప్రాంప్టరు మాస్టారికి మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇరవై రెండేళ్లుగా తెర చాటున పీట మీద కూర్చుని నటులకు మాటలందిస్తున్న మనిషి. పోయిన ఏడాది మార్కెట్ తగలబడినప్పుడు ఆయన భార్య బట్టలు కుట్టే కొట్టు కూడా బూడిదైపోయింది. తగలబెట్టించింది ఎవరో అందరికీ తెలుసు. పోలీసువారికి మాత్రం సాక్ష్యం కావాలట!

రౌడీగారికి ఒక్క ముక్క కంఠతా రాదు. ఆ నాటక సమాజంలో ఎవరికీ రాదు, అదే వారి సంప్రదాయం. మాస్టారు గొణిగింది గొంతెత్తి అరవడమే నటన. మొదటి అంకంలో మాస్టారు పొరపాటున "కుడివైపు తిరిగి, మీసం దువ్వుతూ" అన్న సూచన కూడా చదివేస్తే, రౌడీగారు దాన్నీ గర్జించారు. హాలు ఈలలతో దద్దరిల్లింది. చప్పట్ల మత్తులో ఉన్నవాడు తన నోట ఏం వస్తోందో వినడని మాస్టారికి అప్పుడే తెలిసింది.

ఆఖరి అంకంలో మాస్టారు పుస్తకం మూసేశాడు. ముందు వరసలో ఇన్‌స్పెక్టరు ఉన్నాడని తెర సందులోంచి చూసుకుని, సొంత మాటలు అందించాడు.

"మార్కెట్ తగలబెట్టించింది నేనే! పెట్రోలు డబ్బాలు తెచ్చింది ఈ ఇన్‌స్పెక్టరు జీపులోనే! కుట్టు కొట్టుకు మొదటి అగ్గిపుల్ల గీసింది ఈ చేత్తోనే!" అని రౌడీగారు గర్జించారు.

మాస్టారు కళ్లు మూసుకుని న్యాయం కోసం ఎదురుచూశాడు.

జనం ఒక్కసారిగా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్టరు కళ్లు తుడుచుకుంటూ వెళ్లి దండ వేశాడు. నాటక సమాజం అధ్యక్షుడు మైకు లాక్కుని, "ఇంత నిఖార్సైన మనిషి మన నగరాన్ని ఏలకపోతే ఆ లోటు నగరానిదే!" అని ప్రకటించాడు.

రౌడీగారు తెర వెనక్కి వచ్చి మాస్టారి భుజం తట్టారు. "ఆఖరి డైలాగు అదిరిపోయింది మాస్టారూ! ఎన్నికల సభలన్నిట్లో ఇదే అందించాలి."

ఇంతలో హాల్లోంచి మాస్టారి భార్య పరుగున వచ్చింది. "కొట్టు పోతే పోయిందిలెండి! అంతమందిలో నిజం ఒప్పుకోవాలంటే ఎంత గుండె కావాలి! నా ఓటు ఆయనకే."

"అవన్నీ నేనందించిన మాటలే!" అని మాస్టారు మొత్తుకున్నాడు.

"ఊరుకోండి, మీకంత ధైర్యం ఎక్కడేడిచింది!" అందామె.