వాన ఆపే మేడమ్మ

ఆ ఉదయం భువనేశ్వరి అనుకున్న పని చాలా చిన్నది. సాయంత్రం వాన పడేలోగా ఏర్పేడు దగ్గరి చేనికి చేరుకుని, వేరుశెనగ మడుల మీదికి పందిరి తోయించాలి. అంతే.

నగరి మగ్గాల ఇంట పుట్టిన భువనేశ్వరి తిరుపతిలో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త. ఏటేటా చేలు ఎండిపోతుంటే, ఏ రకం వేరుశెనగ దాహాన్ని తట్టుకుంటుందో తేల్చాలని పంతం పట్టింది. కోదండం అనే రైతు చేలో కొన్ని మడులు తీసుకుని, పట్టాల మీద కదిలే ప్లాస్టిక్ పందిరి కట్టించింది. మబ్బు పడితే పందిరిని మడుల మీదికి తోస్తారు, వెలిస్తే వెనక్కి లాగుతారు. పూల నుంచి ఊడలు కాయ కట్టడానికి మట్టిలోకి దిగే ఈ దశలో మడులు ఒక్కసారి తడిసినా ఏడాది శ్రమ నీళ్లపాలు.

బయల్దేరే ముందు ఏర్పేడు ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసింది. "దేవరాజులన్నా, కోదండానికి ఒక మాట చెప్పు. ఈపొద్దు వాన వస్తాదంట. మన మడుల మీద ఒక్క చుక్క కూడా పడనీకూడదు. నేను వస్తా ఉండాను."

లైనులో గరగరమనే మోత. అందులో 'మడులు' కొట్టుకుపోయాయి. మిగిలినదాన్ని దేవరాజులు కోదండానికంటే ముందు టీ కొట్టులో వినిపించాడు. "యూనివర్సిటీ మేడమ్మ వస్తా ఉండాదంట. ఈపొద్దు ఒక్క సుక్క వాన కూడా పడనీదంట!"

ఆ మాట బస్టాండు చేరేసరికి చేలోని పందిరి వానను తరిమే యంత్రమైంది. పక్క ఊరు చేరేసరికి, ఇన్నేళ్ల కరువుకు కారణం దొరికింది. పందిరి కట్టి ఏడాదైనా కాలేదని ఎవరికీ గుర్తు రాలేదు. ఆ పై ఊళ్లో ఒకరికి ఇంకా తెలివైన ఆలోచన తట్టింది: ఆపగలిగిన మనిషి కురిపించలేదా?

మధ్యాహ్నానికి చేలో రెండు గుంపులు చేరాయి. ఒకటి పందిరి పీకడానికి గడ్డపారలతో, ఇంకొకటి మేడమ్మకు మొక్కడానికి టెంకాయలతో. పక్క చేని మునివెంకటప్ప తన ట్రాక్టరును పట్టాలకు అడ్డంగా నిలిపాడు.

"ఇదెట్ల కదులుతాదో నేనూ సూస్తాను!"

"మేడమ్మకు కోపం తెప్పిస్తే వచ్చే వాన కూడా రాదప్పా!" అని టెంకాయల గుంపు అతని మీదికి లేచింది.

భువనేశ్వరి జీపు దిగగానే ఒకరు మెడలో దండ వేశారు. ఇంకొకరు "మా కడుపు కొట్టినావు కదమ్మా!" అని అరిచారు. ఆమె నోరు తెరిచేలోగా ఉరిమింది. దండతోనే పందిరి దగ్గరికి పరుగెత్తింది. ట్రాక్టరు అడ్డం.

"తియ్యండి నాయనా! నా కరువు తడిసిపోతాది!"



"అదేం మాటమ్మా? కరువు తడవాలనే కదా మేం మొక్కుతా ఉండేది!" అంది కోదండం భార్య వరదమ్మ.

"మీ చేలల్లో నిండుగా పడనీ అక్కా. నేను ఆపేది ఈ మడుల మీదనే. వాన రాని ఏడు ఏ చెట్టు బతుకుతాదో ఈడ తెలుసుకోవల్ల. తెలిస్తే ఆ విత్తనం మీకే."

వరదమ్మ చుట్టూ చూసింది. అవతలి చేలల్లో అప్పుడే చినుకులు మొదలయ్యాయి. "మనకోసరమే ఆయమ్మ ఇంత పాటు పడతా ఉంటే, అడ్డం నిలబడేది మనమా? తియ్యప్పా ట్రాక్టరు!"

ట్రాక్టరు మొరాయించింది. రెండు గుంపులూ కలిసి దాన్ని నెట్టి, పందిరిని మడుల మీదికి తోశాయి. అంతలో గాలి లేచింది. పందిరి తెరచాపలా ఉబ్బి ఎగరబోయింది. పీకడానికి వచ్చినవాళ్లే ఇనుప గొట్టాలకు వేలాడారు. అందరికంటే గట్టిగా అరిచింది మునివెంకటప్ప: "పట్టుకోండబ్బా! మడిలో సుక్క పడిందో, మర్యాద దక్కదు!"

వాన వెలిశాక, నిలువునా తడిసిన భువనేశ్వరి ఒక్కో మడిలో మట్టి తీసి అరచేతిలో నలిపింది. పొడిపొడిగా రాలింది. ఆమె అక్కడే కూలబడి నవ్వింది, ఏడ్చింది.

మరుసటి ఏడు వాన మొహం చాటేసింది. ఆ మడుల్లో దాహాన్ని తట్టుకున్న రకం విత్తనం మాత్రం రైతుల చేలల్లో నిలబడి కాయ కాసింది. ఆ ఊళ్లో ఆమెకు ఎదురొచ్చినవాళ్లు తలపాగా తీసి నిలబడేవాళ్లు.

'వాన ఆపే మేడమ్మ' అన్న పేరు మాత్రం దూరం కూడా పాకింది. ఒకరోజు నాయుడుపేట వైపు నుంచి పెద్దమనుషులు కొందరు తాంబూలంతో ఆమె గదికి వచ్చారు: తమ అమ్మాయి పెళ్లట, ముహూర్తం దాటేదాకా వానను ఆపిపెట్టాలట.