మూడు బొటనవేళ్లు, ఒక తుమ్ము

ఆదివారం పొద్దున చాయ్ తాగుతూనే విజేందర్ అంతా అనుకున్నాడు. మధ్యాహ్నానికల్లా పైసలు ‘పూల్’లో పడాలి, పెళ్లిళ్ల సీజన్‌కు ట్రాలీ ఆటో ఇంటి ముందుండాలి. నల్గొండలో అతను, ఇస్రాయేలు, పుష్పమ్మ కలిసి టెంట్‌హౌస్ నడుపుతున్నారు. కుర్చీలు, డేగిసాలు సొంతమే కానీ వాటిని మోసే బండి కిరాయిది. వచ్చిన లాభమంతా ఆ కిరాయికే పోతోంది.

ముగ్గురి పొదుపునూ ఫోన్‌లోని డిజిటల్ ఖజానాలోకి మార్పించింది విజేందరే. "బ్యాంకు లేదు, మేనేజర్ లేడు. గంటలోపల ముగ్గురం బొటనవేలు పెడితెనే పైసలు కదుల్తయి. ఎవ్వడూ మింగలేడు" అని గొప్పగా చెప్పాడు. ఇప్పుడు యూట్యూబ్‌లో ఒకాయన, అందరూ పైసలు పోస్తే నెలలో రెట్టింపు చేసే పూల్ ఒకటి చూపించాడు. ఆ సాయంత్రమే ఆఖరు గడువట.

పుష్పమ్మ పొద్దున్నే వేలు పెట్టింది. ఇస్రాయేలు మాత్రం ఫోన్ ఆపేసి చర్చిలో కూర్చున్నాడు. వేరే ఊరి పాస్టర్ రావడంతో ప్రార్థన మధ్యాహ్నం దాటింది, పుష్పమ్మ వేలికున్న గంట గడువూ దాటింది. విజేందర్ అతణ్ని బండెక్కించుకుని నేరుగా పుష్పమ్మ వంటింటికి తెచ్చాడు. మగవాళ్లిద్దరూ వేళ్లు పెట్టారు. పుష్పమ్మ పెట్టబోతుండగా, పొయ్యి మీద మిరపకాయల తాలింపు ఘాటుకు విజేందర్ తుమ్మాడు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఒంటి తుమ్ము! జర కూసోని, నీళ్లు తాగి పెడ్త."

"గీ రోజుల్ల గూడ తుమ్ములేందక్కా?" ఇస్రాయేలు నవ్వాడు.

"మీ పాస్టర్ వాక్యం అయ్యేదాక పొద్దంత ఆగిన. నా తుమ్ముకు నువ్వు జర ఆగలేవా?"

"వాక్యం, తుమ్ము ఒకటేనా?"

అంతే, గొంతులు లేచాయి. పుష్పమ్మ తన ఫోన్‌ను పెద్ద డేగిసాలో పడేసి, మూత పెట్టి, దాని మీద కూర్చుంది. విజేందర్ బతిమాలుతూ మళ్లీ తుమ్మాడు.

"రెండు తుమ్ములైతే మంచిదే గదక్కా!"

"కొట్లాట తర్వాత వచ్చింది లెక్కల రాదు తమ్మీ."

ఈలోగా రాహుకాలం వచ్చింది. ఇక ఆమెను కదిలించడం ఎవరి తరమూ కాలేదు.

చీకటి పడే వేళకు పూల్ ఖాళీ అయింది. యూట్యూబాయన చానెల్‌తో సహా మాయమయ్యాడు. తిడదామంటే బ్యాంకు లేదు, మేనేజర్ లేడు. విజేందర్ గబగబా తన ఫోన్‌లో ఖజానా తెరిచి చూశాడు.

"మన పైసలో?" ఇస్రాయేలు అడిగాడు.

"ఉన్నయన్నా. అక్క వేలు పెట్టలే గదా!"

ఇస్రాయేలు ఆమెకు చేతులెత్తాడు. "అక్కా, నీ తుమ్ముకు దండం."

"నాది గాదు, విజేందర్‌ది" అంది పుష్పమ్మ. అయినా దండం మాత్రం ఉంచుకుంది.

మరునాడు పైసలన్నీ బ్యాంకుకు తిరిగి తెచ్చి ట్రాలీ కొందామని ముగ్గురూ అదే వంటింట్లో కూడారు. వేళ్లెత్తారు. ఇస్రాయేలు తుమ్మాడు.

పుష్పమ్మ నోరు తెరవకముందే కుర్చీ లాక్కుని కూర్చుని, మంచినీళ్లు అడిగింది కూడా అతనే.