గీజరు అరలో మందు డబ్బా

చెప్పకపోవడం అబద్ధంతో సమానమా? డెల్మర్ స్టీనర్సన్ ఎనిమిదేళ్లుగా ఈ సందేహాన్ని మోస్తున్నాడు. ప్రతి ఆదివారం చర్చిలో కానుకల పళ్లెం పట్టుకుని తిరిగే మనిషికి ఇది చిన్న సందేహమేమీ కాదు.

అద్దె కాగితంలో 'పేలుడు సామాను ఉంచరాదు' అని రాసి ఉంది. డెల్మరేమో వెనక గదిలో, పేలిన తూటాల ఇత్తడి గుల్లల్లో మళ్లీ మందు కూరి, జింకల వేటకు తన తూటాలు తానే నింపుకుంటాడు. తుపాకి మందును కొన్న డబ్బాలోనే ఉంచి, చల్లని మూలనున్న చెక్క బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. జాగ్రత్తలన్నీ తీసుకున్నాడు గానీ, ఇంటి ఓనరు వెర్నా గారికి మాత్రం చెప్పలేదు. చెబితే ఇల్లు పోతుందని భయం. మోంటానాలోని ఆ చిన్న ఊళ్లో ఆ అద్దెకు ఇంకో ఇల్లు దొరకదు. మందు తూచనిదే తూటా నింపలేరు; ఆ త్రాసు కూడా చనిపోయిన ఆమె భర్త హార్లన్ ఎరువిచ్చిందే. తిరిగిస్తే దేనికి వాడావని అడుగుతుందని అదీ ఇవ్వలేదు.

ఆ ఉదయం కాఫీ తాగి తూటాలు నింపుదామనుకుంటుండగా వెర్నా గారి ఫోను మోగింది.

"డెల్మర్, పదింటికి ఇల్లు చూడ్డానికి వస్తున్నా. ఇన్సూరెన్సు వాళ్ల గోల. ఈసారి బీరువాలు కూడా తెరిచి చూడాలట."

డెల్మర్ చిన్న ప్రార్థన చేసుకుని పనిలో దిగాడు. బల్ల మీది సామాను మీద బొంత కప్పాడు. త్రాసును సొరుగులో దాచాడు. ఎవరూ తెరవని చోటు గ్యాసు గీజరుండే అర ఒక్కటే కనబడింది. మందు డబ్బా అక్కడికి చేరింది.

వెర్నా గారు వచ్చి వంటగది చూస్తుండగా గోడ అవతల వెనక గదిలో ఏదో గలగలమంది. తూటాల ఇత్తడి గుల్లలను అక్రోటు పెంకుల పొడిలో దొర్లించి మెరుగుపెట్టే యంత్రమది. దానికి రాత్రే టైమరు పెట్టిన సంగతి అతను మరిచాడు.

"ఆ చప్పుడేంటి?"

"గీ... గీజరండీ. అప్పుడప్పుడూ అలా అంటుంది."

"అప్పుడప్పుడూనా? ఇల్లు లేచిపోతుందయ్యా!"

వద్దంటున్నా వినకుండా ఎదురింటి ప్లంబరు లానీని కేకేసింది. లానీ వచ్చి గీజరు అర ముందు వంగి జేబులోంచి లైటరు తీశాడు. "మంట ఆరినట్టుంది డెల్మరన్నా. వెలిగించి చూద్దాం."

"ఒద్దురా నాయనా! లోపల తుపాకి మందుంది!"

లానీ ఒక్క గెంతులో వాకిట్లో పడ్డాడు. వెర్నా గారు మాత్రం కదల్లేదు.

"అది వెనక గది బీరువాలో ఉండేదిగా. ఈ మంట పక్కకెందుకొచ్చింది?"

"మీకు... తెలుసా అమ్మా?"

"నీకు నేర్పింది నా మొగుడేగా! రోజూ ఇంటికొచ్చి నీ కబుర్లే చెప్పేవాడు. కాగితంలో ఆ మాట నీకు ముందున్నవాడి బాణసంచా కోసం రాయించాను. ఏటేటా వస్తున్నది గోడలు చూడ్డానికనుకున్నావా? మా ఆయన త్రాసు ఎప్పుడిస్తావా అని."

డెల్మర్ ముందు డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చాడు. తలొంచుకుని అడిగాడు. "చెప్పకపోవడం అబద్ధమేనంటారా?"

"అది పాస్టరు గారినడుగు. నాకు తెలిసిందల్లా, నువ్వు దాచకముందు ఈ ఇల్లు క్షేమంగా ఉంది."

అతను సొరుగులోంచి త్రాసు తీసి, చొక్కా అంచుతో తుడిచి ఆమె చేతిలో పెట్టాడు. హార్లన్ వేలు ఆనీ ఆనీ అరిగిన చోట ఆమె ఒకసారి నిమిరి, దాన్ని చేతిసంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

ఆ శనివారం డెల్మర్ కొట్లో కొన్న తూటాలతో వేటకు వెళ్లాడు.