నమ్మకూడని అరుపు

ఆ రోజు పొద్దున్నే మాస్టారు హాల్లో పడిపోవడం ప్రాక్టీసు చేస్తున్నారు. సోఫా మీంచి దిండ్ల మీదకి ఒకసారి, కుర్చీలోంచి చాప మీదకి ఒకసారి అరుస్తూ పడ్డారు. మళ్ళీ పడబోతుంటే ఆయన భార్య టీ గ్లాసుతో వంటింట్లోంచి వచ్చింది.

"ఏమండీ, ఆ పడేదేదో బట్టల స్టాండుకి అవతలగా పడండి. నిన్న దాని కాలు వంచేశారు."

"పడటం కుదిరింది గానీ, అరుపెలా ఉందో చెప్పు."

"ఉన్నమాట చెప్పనా? లిఫ్టు ఆపమని ఎవరినో కేకేసినట్టుంది. కాలు విరిగినవాడు అలా అరవడు."

"మరెలా అరుస్తాడు?"

"నాకేం తెలుసు, నాకెప్పుడైనా విరిగిందా? కడుపులోంచి రావాలి. మీకన్నీ గొంతులోనే ఆగిపోతాయి. అందుకే మిమ్మల్ని పదకొండేళ్ళుగా అలా కూర్చోబెట్టారు."

ఆవిడ అన్నది నిజమే. మాస్టారు కాలేజీలో పదకొండేళ్ళుగా తాత్కాలిక అధ్యాపకుడు. తాత్కాలికం అన్న మాట అంతకాలం సాగుతుందని నిఘంటువు రాసినవాడికి కూడా తెలిసి ఉండదు. ఏటా సెలవులివ్వగానే తీసేస్తారు, కాలేజీ తెరవగానే మళ్ళీ తీసుకుంటారు. ఆవిడ తమ్ముడొకడు ఏ శుభకార్యంలో కలిసినా నలుగురి మధ్యా నిలబెట్టి, "బావా, ఇంకా టెంపరరీయేనా?" అని అడుగుతాడు. ఆ మాటకి మాస్టారు నవ్వేసి ఊరుకునేవారు, ఆవిడ మాత్రం సిగ్గుతో చచ్చిపోయేది.

ఇప్పుడు పైవాళ్ళకి కొత్త పిచ్చి పట్టుకుంది. గదిలో కూర్చోబెట్టి చెబితే ఎక్కని చదువు గుట్టల వెంట తిప్పితే ఎక్కుతుందట. దాని పేరు అనుభవ విద్య. ప్రిన్సిపాల్ గారు మాస్టారిని పిలిచి, చరిత్ర విభాగంలోంచి తీసి ఈ కొత్త విభాగంలో వేశారు. "మీ కోసమే పర్మనెంటు పోస్టు అడుగుతున్నానండీ. కమిటీ వచ్చి మీ క్యాంపు చూస్తుంది. బాగుందన్నారా, ఇక మీకు తిరుగులేదు," అన్నారు. ఆ రాత్రి మాస్టారి ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ సంతోషంతో నిద్ర పట్టలేదు.

మాస్టారు మనసు పెట్టే పనిచేశారు. ప్రథమ చికిత్స పుస్తకాలు చదివారు, దిక్సూచి వాడటం నేర్చుకున్నారు, సెలవు రోజుల్లో గుట్టల్లో తిరిగి మ్యాపు గీశారు. పథకం ఇదీ. గుట్ట మీద మాస్టారు పడిపోయి, ఎడమ కాలు విరిగినట్టు నటిస్తారు. పిల్లలు కాలికి కట్టు కట్టి, అప్పటికప్పుడు స్ట్రెచర్ తయారుచేసి, దిక్సూచి పట్టుకుని ఆయన్ని కింద టెంటు దాకా మోసుకురావాలి. పక్కనే చక్కటి రోడ్డుంది గానీ దాని మీద నడవకూడదు. రోడ్డు మీద నడిస్తే అనుభవం ఎక్కడినుంచి వస్తుంది?

ముందురోజు క్లాసులో ఆయన వేలు చూపించి మరీ చెప్పారు. "నేను గొంతు చించుకుని అరుస్తాను, నమ్మకండి. నిజంగానే విరిగిందర్రా అని కూడా అంటాను, అదీ నమ్మకండి. నన్ను సలహా అడగకూడదు. నేను చెప్పినా వినకూడదు. కంగారుపడినవాళ్ళకి మార్కులు కోసేస్తాను."

పదకొండేళ్ళలో పిల్లలు ఆయన మాట పొల్లు పోకుండా విన్నది ఆ ఒక్క రోజే.

గుట్ట దగ్గరికి వెళ్ళేసరికి ప్రిన్సిపాల్ గారు కుర్చీలు వేయిస్తున్నారు. మాస్టారు తాను ఎంచుకున్న రాయి చూపించారు. మోకాలెత్తు రాయి, కింద మెత్తగా గడ్డి. ప్రిన్సిపాల్ గారు తల అడ్డంగా ఊపారు.

"అక్కడ వద్దు మాస్టారూ, పెద్దవాళ్ళ మొహాన ఎండ కొడుతుంది. ఈ రాయి మీంచి పడండి, నీడగా ఉంది."

"ఇది నిలువెత్తుంది సార్. కిందంతా బండలే."

"పడేది మీరేగా, వాళ్ళు కాదుగా. కాస్త అందరికీ కనబడేలా పడండి."

కమిటీ వాళ్ళు ముగ్గురూ వచ్చి కూర్చుని చల్లటివేవో తాగుతున్నారు. మాస్టారు పోస్టుని తలుచుకుని రాయి ఎక్కారు. పడాలనుకున్నప్పుడు పడలేదు. ఎలా పడాలా అని కిందకి చూస్తూ ఆలోచిస్తుండగా పడ్డారు. కుడి పాదం రెండు బండల మధ్య ఇరుక్కుంది, మనిషి మాత్రం ఇంకో పక్కకి వెళ్ళారు. ఫట్‌మని చప్పుడైంది. ఇంట్లో ఎంత ప్రయత్నించినా కుదరని అరుపు అక్కడ ఒక్కసారికే కుదిరింది. చెట్టు మీది పిట్టలు ఎగిరిపోయాయి. కమిటీ చప్పట్లు కొట్టింది.

పిల్లలు నింపాదిగా నడిచి వచ్చారు. జట్టు నాయకురాలిని అందరూ కెప్టెన్ అంటారు. ఆ అమ్మాయి వంగి, "సార్, ఎలా ఉందని మిమ్మల్ని అడగకూడదు కాబట్టి అడగట్లేదు," అంది.

"నిజంగానే విరిగిందమ్మా!"

వెనక నిలబడ్డ ర్యాంకర్ తల ఊపాడు. క్లాసులో మొదటి ర్యాంకు వాడిదే. "నిన్న చెప్పిన డైలాగే."

"ఒట్టురా! మా అమ్మ మీద ఒట్టు!"

"ఇది మాత్రం నిన్న చెప్పలేదు. కొత్తగా కలిపారు. భలే చేస్తున్నారు సార్."

కెప్టెన్ పుల్లలు తెప్పించి ఎడమ కాలికి కట్టడం మొదలుపెట్టింది. మాస్టారు ప్రాణం పోయినంత పనై, "అది కాదు, కుడి కాలు! కుడి కాలు!" అని కేకలేశారు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

"సార్ మనల్ని తికమక పెడుతున్నారర్రా. పథకంలో ఉన్నది ఎడమ కాలే, కట్టెయ్యండి," అంది కెప్టెన్.

"కుడి కాలు వాచిపోయింది, చూడు తల్లీ!"

"అబ్బ, మేకప్ ఎంత బాగా వేసుకున్నారు సార్!" అన్నాడు ర్యాంకర్.

అలా బాగున్న కాలు పుల్లల మధ్య కర్రలా బిగుసుకుపోయింది. బాగాలేని కాలు గాలికి వేలాడింది. మాస్టారికి ఇక ఏ కాలి మీదా నిలబడే యోగం లేకుండా పోయింది. జేబులోంచి ఫోన్ తీసి భార్యకి చేశారు.

"ఏమే, నా కాలు విరిగిందే! ఎవరూ నమ్మట్లేదే!"

"అబ్బబ్బ, ఇదండీ అరుపంటే!" ఆవిడ ఆనందం పట్టలేకపోయింది. "ఇలాగే కానివ్వండి. పక్కన కమిటీ వాళ్ళున్నారా? ఫోన్ స్పీకర్లో పెట్టండి." అని, ఆయన పెట్టారో లేదో చూసుకోకుండానే, "అయ్యో, నా మొగుడు! ఇక మాకు దిక్కెవరు దేవుడో!" అంటూ శోకాలు పెట్టి, కట్ చేసేసింది. కెప్టెన్ వినయంగా ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది. క్యాంపులో ఫోన్ వాడకూడదన్నది కూడా మాస్టారు పెట్టిన నియమమే.

చొక్కాలతోనూ కర్రలతోనూ చేసిన స్ట్రెచర్ మీద ఆయన్ని ఎక్కించారు. రోడ్డు కనబడుతూనే ఉంది. మాస్టారు దాని వైపు చెయ్యి చాపినప్పుడల్లా పిల్లలు పట్టుదలగా రెండో వైపు తిరిగారు. కమిటీ గొడుగులు వేసుకుని వెంట నడిచింది. ప్రిన్సిపాల్ గారు స్ట్రెచర్ పక్కకి చేరి, పెదాలు కదపకుండా, "కాస్త తగ్గించండి, మరీ ఓవర్‌గా ఉంది," అన్నారు.

"సార్, నిజం. మీరే చూడండి."

ప్రిన్సిపాల్ గారు చూశారు. కాసేపు ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. తర్వాత వంగి, మాస్టారి చెవిలో గుసగుసలాడారు.

"ఇప్పుడు గనక నిజమని బయటపడితే దీన్ని ప్రమాదం అంటారు. క్యాంపు మూసేస్తారు, నన్ను సంజాయిషీ అడుగుతారు, మీ పోస్టు గాల్లో కలుస్తుంది. కమిటీ వెళ్ళేదాకా నాటకమే అనుకోండి. ఆ తర్వాత మీ ఇష్టం, ఎంతైనా అరుచుకోండి."

మాస్టారు ఆకాశం వైపు చూశారు. పదకొండేళ్ళు ఓర్చుకున్నవాడికి ఇంకో గంట ఎంత అనుకున్నారు. అంతవరకూ నిజమైన అరుపుని నిజమని నమ్మించడానికి తంటాలు పడిన మనిషి, అక్కడినుంచి అదే అరుపుని అబద్ధమని నమ్మించడానికి పళ్ళు బిగించారు. నొప్పి వచ్చినప్పుడల్లా అరిచి, అరిచాక కమిటీ వైపు చూసి నవ్వేవారు. ఆ నవ్వు చూసి కమిటీ వాళ్ళకి ముచ్చటేసింది.

వాగు దగ్గర స్ట్రెచర్ ముందు పట్టుకున్న కుర్రాడు నాచు మీద జారాడు. మాస్టారు నడుం దాకా నీళ్ళలో మునిగారు. "వాగులో పడ్డా పాత్ర వదల్లేదు చూశారా!" అని కమిటీ పెద్ద పక్కవాళ్ళకి చూపించాడు.

గట్టు ఎక్కించాక కెప్టెన్ ఆయన కాళ్ళు తుడుస్తూ ఆగిపోయింది. కుడి మడమ నల్లగా కమిలి, పాదం ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. ఆ పిల్ల తుడిచే గుడ్డ పక్కన పెట్టేసింది.

"సార్, ఇది మేకప్ కాదు. నీళ్ళల్లో తడిసినా పోలేదు." గొంతు తగ్గించింది. "నిజం చెప్పండి సార్. ఆపేద్దాం. మార్కులు పోతే పోనివ్వండి."

కమిటీ పెద్ద అప్పుడే నాలుగడుగుల దూరంలో వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనకనుంచి ప్రిన్సిపాల్ గారు కళ్ళెర్రజేశారు. క్యాంపంతటిలో మాస్టారిని నమ్మిన మనిషి ఆ ఒక్క పిల్లే. ఒక్క మాట అంటే చాలు, రోడ్డు మీదకి పరిగెత్తించేది. మాస్టారికి బావమరిది మొహం గుర్తొచ్చింది, దాని పక్కనే భార్య మొహం గుర్తొచ్చింది.

"లేదమ్మా," అన్నారు. "కాలు బానే ఉంది. నాటకమే. కానివ్వండి."

ఆ అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. వంగి స్ట్రెచర్ ఎత్తింది.

టెంటు దగ్గర కమిటీ పెద్ద మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపి ఊపి వదిలాడు. "బాధని ఇంత సహజంగా చూపించిన మనిషిని నేను చూడలేదండీ," అన్నాడు. పిల్లల వైపు తిరిగి, "దారిలో మీ మాస్టారు మీకేం నేర్పారర్రా?" అని అడిగాడు.

కెప్టెన్ వెనక్కి తగ్గింది. ర్యాంకర్ ముందుకొచ్చి గర్వంగా, "ఏమీ నేర్పలేదు సార్! అంతా మేమే చేశాం. ఆయన ఏదో చెప్పబోయారు గానీ మేం వినలేదు," అన్నాడు. కమిటీ పెద్ద ఆ మాటకి పొంగిపోయి, మళ్ళీ చెప్పించుకుని మరీ విన్నాడు.

కార్లు కదిలి దుమ్ము అణిగాక మాస్టారిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ వాళ్ళు కట్టున్న కాలికే ముందు ఎక్స్‌రే తీసి, ఏమీ లేదు, ఇంటికెళ్ళండి అన్నారు. రెండో కాలు చూపించడానికి ఇంకో పూట పట్టింది. ఫోన్లో అంత బాగా ఏడ్చినావిడకి ఆసుపత్రిలో ఆయన్ని చూశాక ఏడుపు రాలేదు. పక్కన కూర్చుని, "నిజంగా అరిచారా? నేను మెచ్చుకున్నానే," అని మాత్రం అంది.

మర్నాడు సాయంత్రం కెప్టెన్ వచ్చింది. మంచం దగ్గర నిలబడి, "అడిగాను కదా సార్. ఎందుకు అబద్ధం చెప్పారు?" అంది. చరిత్రలో ఏ రాజు ఎందుకు ఓడిపోయాడో గుక్క తిప్పుకోకుండా చెప్పగల మాస్టారు గోడవైపు తిరిగిపోయారు.

కాలింకా పిండికట్టులో ఉండగానే ప్రిన్సిపాల్ గారు పళ్ళ బుట్ట పట్టుకుని ఇంటికొచ్చారు. ఆవిడ కుర్చీ తుడిచి వేసింది.

"కమిటీ మన క్యాంపుని ఆకాశానికెత్తేసిందమ్మా. అన్ని కాలేజీల్లోనూ ఇదే పెట్టాలన్నారు," అన్నారాయన.

"మరి పోస్టు?" అంది ఆవిడ. తమ్ముడికి ఏ మాటలతో చెప్పాలో అప్పటికే అనుకుని పెట్టుకుంది.

ప్రిన్సిపాల్ గారు బుట్టలో పళ్ళు సర్దారు. "అదే వచ్చిన చిక్కు. మాస్టారు ఒక్క ముక్క చెప్పకుండానే పిల్లలు అంతా నేర్చుకున్నారని వాళ్ళు కళ్ళారా చూశారు కదా. అందుకని ఈ విభాగానికి మాస్టారే అనవసరమని తేల్చారు. పోస్టు రద్దయింది. చరిత్రలో వేరేవాళ్ళని తీసుకున్నాం కాబట్టి, మీ పాతదీ లేదు."

మాస్టారు పిండికట్టు వైపు చెయ్యి చూపించి, "నా కాలు విరిగింది సార్ అక్కడ. కనీసం వైద్యం ఖర్చైనా..." అన్నారు.

"ఎలా ఇస్తామండీ? కాలు బానే ఉంది, నాటకం అని కమిటీ పెద్ద వింటుండగా మీరే అన్నారు. ఇప్పుడు విరిగిందంటే నన్నూ మిమ్మల్నీ కలిపి అబద్ధాలకోరులంటారు." ప్రిన్సిపాల్ గారు లేచి, మాస్టారి భుజం తట్టారు. "అయినా మిమ్మల్ని వదులుకుంటామా? మీ నటన వాళ్ళకి తెగ నచ్చింది. వచ్చే ఏడాది నుంచి ప్రతి కాలేజీలోనూ పడేవాడొకడు కావాలి. దినకూలీ ఇస్తారట, మీ పేరే చెప్పాను."

మాస్టారు కోపంతో ఊగిపోతూ, లేవబోయి, లేవలేక కూలబడ్డారు. ఆయన భార్య మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుని, గుమ్మం దాకా వెళ్ళిన ప్రిన్సిపాల్ గారిని ఆపింది.

"అదైనా పర్మనెంటేనా అండీ?"

ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, ముందొక ఏడాది పడనివ్వండమ్మా, పనితీరు చూసి ఆలోచిద్దాం అన్నారు.